గోధుమ లేని చారు

చిన్నమ్మాయి మళ్ళీ చేతులు కడుక్కుంది. సబ్బు గోళ్ళ సందుల్లోకి పోయేలా అరచేతిని గీరి, మోచేతుల దాకా నీళ్ళు పోసుకుని, తడి చేతులు గాలికి ఆరబెట్టుకుంటూ వంటింట్లోకి వచ్చింది. తువ్వాలుతో తుడుచుకోవడం మానేసి చాలా రోజులైంది. ఆ తువ్వాలు నిన్న ఎవరి చేతులు తుడిచిందో, ఆ చేతులు అంతకు ముందు ఏం ముట్టుకున్నాయో ఎవరికి తెలుసు? ఇదంతా పిచ్చి అని పక్కింటి సుబ్బాయమ్మ మొహం మీదే అనేసింది. పిచ్చయితే పిచ్చే, మనిషి బతికితే చాలు అనుకుంది చిన్నమ్మాయి.

అన్నం దించి, రాత్రి తోడు పెట్టిన పెరుగు చిలికి, నీళ్ళు పోసి పలచటి మజ్జిగ చేసింది. ఉప్పు వేసింది. అల్లం ముక్క చితక్కొట్టి వేసింది. చిటికెడు ఇంగువ వేసి, రాత్రంతా భర్త కడుపు పట్టుకుని మెలికలు తిరగడం గుర్తొచ్చి ఇంకో చిటికెడు వేసింది. కడుపులో గాలికి ఇంగువ మజ్జిగను మించింది లేదని వాళ్ళమ్మ చెప్పేది, అత్తగారూ చెప్పేది. ఆ ఇద్దరికీ కుదిరిన మాట బహుశా ఇదొక్కటే. మజ్జిగ చెంబులో పోసి మూత పెట్టి, వసారాలో మంచం పక్కనున్న స్టూలు మీద ఉంచింది.

హరిబాబు గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. చొక్కాలోంచి భుజం ఎముక పొడుచుకు వచ్చింది. ఆ చొక్కా నిండా అరటి కర మరకలు. ఎంత ఉతికినా పోనివి. రావులపాలెం అరటి మార్కెట్లో లోడింగు పని చేసినన్నాళ్ళూ అతనికి మరక లేని చొక్కా లేదు. లారీలో గెలలు పేర్చడం అందరికీ చేతనయ్యే పని కాదు. ఎండిన అరటాకు పరిచి, గెల పక్కన గెల నిలబెట్టి, ఒరిస్సా దాకా కాయకి కాయ ఒరుసుకోకుండా సర్దాలి. ఆ సర్దుడులో హరిబాబుది మంచి చెయ్యి అని మార్కెట్లో పేరు. పేరంటే పేరే, దాని వల్ల పెద్దగా ఒరిగిందేమీ లేదు.

"మధ్యాహ్నం సుబ్బాయమ్మ పిన్నిగారు వచ్చి మజ్జిగ ఇస్తారు. మొత్తం తాగాలండి," అంది చిన్నమ్మాయి.

"తాగుతాలే. నువ్వు వెళ్ళు, ఆటో పోతుంది," అన్నాడతను గోడవైపు నుంచి తిరక్కుండానే.

ఊబలంక నుంచి రావులపాలెం ఎంతో దూరం లేదు. షేర్ ఆటోలో వెనకవైపు కాళ్ళు వేలాడేసుకుని కూర్చుంటే రోడ్డుకి రెండు పక్కలా అరటి తోటలు వెనక్కి పోతూ కనిపిస్తాయి. ఆ తోటలు చూస్తూనే చిన్నమ్మాయి ఇరవై ఏళ్ళుగా పనికి వెళ్ళొస్తోంది. ఈమధ్య మాత్రం కళ్ళు తోటల మీద ఉన్నా మనసు ఒకే మాట చుట్టూ తిరుగుతోంది. రాజమండ్రి డాక్టరు గారు క్రితంసారి అన్న మాట అది. "ఇంట్లో ఎక్కడో గోధుమ తగులుతూనే ఉండాలమ్మా. లేదంటే..." అని ఆగిపోయారాయన. ఆ "లేదంటే" తర్వాత ఏముందో ఆమె అడగలేదు. అడగకపోయినా తెలుసు, పేగులో ఇంకేదో పెద్ద రోగమని. సోమవారం మళ్ళీ గొట్టం వేసి పేగులు చూస్తామన్నారు. ముక్క తీసి పరీక్షకి పంపిస్తామన్నారు. ఏ పరీక్షకని కూడా ఆమె అడగలేదు.

హరిబాబు జబ్బు ఏంటో తెలియడానికే రెండేళ్ళు పట్టింది. విరేచనాలు అన్నారు, రక్తం లేదన్నారు, పచ్చకామెర్లని ఆకు పసరు పోయించారు, క్షయ ఏమోనని తెమడ పరీక్ష చేయించారు. చివరికి మొన్న వేసవిలో రాజమండ్రిలో తేలింది, అతని ఒంటికి గోధుమ విషమని. పేగు లోపలి గరుకు మొత్తం అరిగిపోయి నున్నగా అయిందట. తిన్నది పట్టుకునే దిక్కు లేక జారిపోతోందట. మందూ మాకూ ఏమీ లేదు, గోధుమ, మైదా, రవ్వ, బార్లీ జన్మలో ముట్టుకోకూడదు, అంతే.

ఊళ్ళో అందరూ ఓస్ ఇంతేనా అన్నారు. పొద్దున్నా రాత్రీ అన్నం తినే దేశంలో గోధుమ మానడం కూడా ఒక పథ్యమేనా అని నవ్వారు. చిన్నమ్మాయి కూడా నవ్వింది. మార్కెట్లో పూరీ, సాయంత్రం మైదా బొండా, టీలో బన్ను మానేస్తే సరిపోయె. మానేశాడు. రెండు నెలల్లో బుగ్గల్లోకి కాస్త కండ వచ్చింది. ఒకరోజు మార్కెట్ దాకా సైకిలు తొక్కుకుని వెళ్ళొచ్చాడు కూడా. ఆ రోజు చిన్నమ్మాయి వీధి గుమ్మానికి పసుపు రాసింది. శ్రావణం వెళ్ళాక మళ్ళీ మొదలైంది. అప్పటి నుంచి రోజురోజుకీ దిగిపోవడమే.

అందుకే ఆమె ఇల్లంతా వెతికింది. చపాతీ పెనం ఎప్పుడో ఎవరికో ఇచ్చేసింది. పాత చెక్క గరిటెలు పొయ్యిలో పెట్టింది. పిండి డబ్బా పారేసింది. పచ్చళ్ళ జాడీలు కడిగి ఎండబెట్టింది. ప్రసాదమని ఎవరైనా గోధుమ నూకది తెస్తే కళ్ళకద్దుకుని పక్కింటికి పంపేసింది. ఎక్కడా గోధుమ దొరకలేదు. దొరక్కపోయే కొద్దీ ఆమెకి భయం ఎక్కువైంది. ఇంట్లో దొంగ ఉండాలని, వాడు దొరకాలని, దొరికితే వాడు తానే అయినా ఫరవాలేదని దేవుడికి మొక్కుకుంది. గోధుమ ఉంటే హరిబాబు బతుకుతాడు. లేకపోతే లేదు.

పని చేసేది సూపర్ మార్కెట్టు వెనక ప్యాకింగు గదిలో. బస్తాల్లో వచ్చిన సరుకుని తూచి, కవర్లలో పోసి, మిషనుతో మూతి అతికించి, స్టిక్కరు వేయాలి. ఆ మిషను వేడికి కాలిన గుర్తులు ఆమె కుడిచేతి వేళ్ళ మీద వరసగా ఉంటాయి. ఇదివరకు ఆమెది గోధుమ పిండి, మైదా వైపు. పని అయ్యేసరికి కనుబొమలు కూడా తెల్లగా అయ్యేవి. డాక్టరు చెప్పిన మర్నాడే సూపర్‌వైజర్ పోతురాజు దగ్గరికి వెళ్ళి తనని పప్పుల వైపు మార్చమని బతిమాలింది. అతను విసుక్కుంటూనే మార్చాడు. అయినా ఆమెకి తృప్తి లేదు. గాల్లో పిండి ఎగురుతూ ఉంటుందని జుట్టుకి గుడ్డ కట్టుకుంటుంది. సాయంత్రం పంపు దగ్గర మొహం, మెడ, చెవుల వెనక కడుక్కుంటుంది. ఇంటికెళ్ళి దొడ్లో తలస్నానం చేసి గానీ పొయ్యి ముట్టించదు. మిగతా ఆడవాళ్ళు మొదట్లో వేళాకోళం చేసి, తర్వాత మానేశారు.

ఆ శనివారం పొద్దుటి నుంచీ ఆమె కందిపప్పు తూస్తోంది. త్రాసు మీద అంకె నిలబడేదాకా చూడటం, కాస్త తీయడం, కాస్త పోయడం. చేతులు వాటి పని అవి చేసుకుపోతున్నాయి. మూడు రోజులుగా హరిబాబుకి అన్నం ఇమడటం లేదు. నిన్న ఫోన్లో డాక్టరు గారి దగ్గరి నర్సు, సోమవారం దాకా పలచటి సూపు లాంటిదే ఇవ్వమంది. స్టాక్ అనీ, బ్రోత్ అనీ ప్యాకెట్లు దొరుకుతాయంది. బలంగా ఉంటుంది, కాకపోతే గోధుమ లేనిది చూసి తీసుకోండమ్మా అని రెండుసార్లు చెప్పింది. చిన్నమ్మాయికి ఆ పేర్లు నోరు తిరగలేదు. తన చారు ఉండనే ఉంది, రోజూ ఇస్తూనే ఉంది. కానీ తన చారులో బలం ఏముంటుంది? చింతపండూ మిరియాలూ కాకుండా డబ్బాల్లో వచ్చేది ఏదో గొప్పగా ఉంటుందని అనుకుంది.

మధ్యాహ్నం జనం పలచబడ్డాక గది దాటి షాపులోకి వెళ్ళింది. వెనక గదిలో ఇన్నేళ్ళు పని చేసినా ఏసీ ఉన్న ఈ ముందు భాగంలోకి వస్తే ఆమెకి ఎవరింట్లోకో వచ్చినట్టు ఉంటుంది. చెప్పులు ఎక్కడ విప్పాలా అని కాళ్ళవైపు చూసుకుంటుంది. సూపు ప్యాకెట్లు నూడుల్స్ పక్కన ఉన్నాయి. టమాటా, స్వీట్‌కార్న్, చికెన్, కూరగాయలు. కింద వరసలో నీళ్ళలో వేసి మరిగించే చికెన్ క్యూబుల డబ్బాలు. వెనకవైపు అక్షరాలు ఇంగ్లీషులో చీమల బారులా ఉన్నాయి. బిల్లింగు కౌంటర్లో ఖాళీగా ఉన్న శ్రీదుర్గని చేత్తో పిలిచింది. శ్రీదుర్గ డిగ్రీ పాసై ఈమధ్యే చేరిన పిల్ల.

"ఇందులో గోధుమ ఉందేమో చదివి పెట్టమ్మా."

శ్రీదుర్గ ఒక్కో ప్యాకెట్టూ తిప్పి వెలుతురుకి పట్టి చదివింది. టమాటాలో మైదా ఉంది. స్వీట్‌కార్న్‌లో గోధుమ పిండి ఉంది. చికెన్ సూపులో సోయా సాస్ ఉందట, ఆ సాస్‌లో గోధుమ ఉందట. ఇంకోదానిలో మాల్ట్ అని ఉంటే ఫోన్లో వెతికి అది బార్లీ అని చెప్పింది. చదివిన ప్రతి ప్యాకెట్టూ వెనక్కి వెళుతోంది. ఇంత షాపులో, ఇన్ని రంగుల కవర్లలో, ఒక్క మనిషి తాగడానికి గుక్కెడు నీళ్ళు లేవు. క్యూబుల డబ్బాని శ్రీదుర్గ రెండుసార్లు చదివింది.

"ఇందులో లేదండి. కాకపోతే గోధుమ ఉండొచ్చు అని కింద రాశారు."

"ఉండొచ్చు అంటే ఉన్నట్టా, లేనట్టా?"

"తెలీదండి. అదే ఫ్యాక్టరీలో గోధుమవి కూడా చేస్తారట."

చిన్నమ్మాయి ఆ డబ్బా తీసుకుని చాలాసేపు చూసి మళ్ళీ వరసలో పెట్టేసింది. ఉండొచ్చు అన్న మాటతో ఆమె ఇప్పటికే చాలినంత కాపురం చేస్తోంది. ఇంకొకటి డబ్బిచ్చి కొనుక్కోలేదు.

"పోన్లేమ్మా. నా చారే ఇచ్చుకుంటాను. అందులో ఏముందో నాకు తెలుసు కదా," అంది.

శ్రీదుర్గ ఆమెని అలా పంపడం ఇష్టం లేక మాట కలిపింది. చారు బాగా పెడతారా పిన్నిగారూ, ఏమేం వేస్తారు అని అడిగింది. చిన్నమ్మాయి అడిగిందే చాలన్నట్టు చెప్పుకుపోయింది. చింతపండు రసం, దంచిన మిరియాలు, జీలకర్ర, ధనియాలు, వెల్లుల్లి, కరివేపాకు, పోపులో ఇంగువ. ఇంగువ ఈమధ్య బాగా పట్టిస్తున్నాననీ, ఆయన కడుపు ఉబ్బరానికి అదొక్కటే మందనీ చెప్పింది.

ఇంగువ సంగతి చెప్పేటప్పుడు ఆమె గొంతులో చిన్న గర్వం ఉంది. చిన్నమ్మాయి పుట్టిల్లు మొగల్తూరు. చిన్నప్పుడు అమ్మతో కలిసి ఒక పెద్దింట్లో అంట్లు తోమడానికి వెళ్ళేది. ఆ ఇంటి చారు వాసన వీధి మలుపులోనే తగిలేది. తమ ఇంట్లో చారులో ఆ వాసన ఎందుకు రాదని అడిగితే, అది ఇంగువే పిల్లా, మనకెక్కడిది అని అమ్మ అంది. పెళ్ళయ్యాక కూడా ఇంగువ పండగకో పబ్బానికో కొనే వస్తువు. అలాంటిది ఈ శ్రావణంలో వానకి గోడౌను కారి, ఇంగువ డబ్బాల అట్టపెట్టెలు తడిసి, లేబుళ్ళన్నీ ఊడిపోయాయి. లేబులు లేని సరుకు అమ్మకూడదని ఓనరుగారు వాటిని ప్యాకింగు ఆడవాళ్ళకి పంచేశారు. చిన్నమ్మాయి కొంగు నిండా డబ్బాలు మూటగట్టుకుని ఇంటికెళ్ళింది. ఆ రాత్రి తమ ఇంటి చారు వాసన కూడా వీధి మలుపు దాకా వెళ్ళి ఉంటుందని సంబరపడింది.

శ్రీదుర్గకి చదివే ఊపు ఇంకా తగ్గలేదు. మసాలాల వరసలోంచి ఇంగువ డబ్బా తీసి, ఊరికే, తిప్పి చూసింది. కదులుతూ ఉన్న పెదవులు ఒక్కసారి ఆగాయి.

"పిన్నిగారూ," అంది. "ఇందులో గోధుమ పిండి ఉందండి."

"దాన్లో ఎందుకుంటుంది? అది ఇంగువ కదా."

"ఉందండి. మొట్టమొదట రాసిందే అది. ఇంగువ చివర్లో రాశారు. పిండిలో కలిపి అమ్ముతారట." ఇంకో కంపెనీ డబ్బా తీసింది. దాని మీదా ఉంది. మూడో దాని మీదా ఉంది.

చిన్నమ్మాయి డబ్బా చేతిలోకి తీసుకుంది. ఆ అక్షరాలు ఆమెకి రావు. అయినా వేలు పెట్టి, ఎక్కడుంది, ఇదేనా అని అడిగి చూపించుకుంది. శ్రావణం. డబ్బాలు ఇంటికొచ్చింది శ్రావణంలో. మనిషి మళ్ళీ దిగిపోవడం మొదలైంది శ్రావణం వెళ్ళాక. కడుపు నొప్పి అన్నప్పుడల్లా తాను ఇంకో చిటికెడు వేసింది. నొప్పి ఎక్కువైతే ఇంకో చిటికెడు. చేతులు కడుక్కుని, తలస్నానం చేసి, గాలికి ఆరబెట్టుకున్న ఈ చేతులతోనే వేసింది.

నవ్వొచ్చింది ఆమెకి. ఆపుకోలేకపోయింది. నూడుల్స్ వరస దగ్గర నిలబడి, ఇంగువ డబ్బా గుండెలకి ఆనించుకుని, కళ్ళ వెంట నీళ్ళు కారుతుంటే నవ్వింది. సబ్బులు ఏరుకుంటున్న ఒకావిడ వింతగా చూసి అటు తిరిగి వెళ్ళిపోయింది. శ్రీదుర్గ కంగారుపడి ఆమె చెయ్యి పట్టుకుంది.

"నేనేనమ్మా," అంది చిన్నమ్మాయి. "నేనే పెడుతున్నాను. రోగం కాదు. నేనే."

ఆ మాట అనేటప్పుడు ఆమెకి కలిగిన సంతోషం ఇంతా అంతా కాదు. పెళ్ళినాడు కూడా అంత సంతోషం లేదు. దొంగ దొరికింది. దొరికిన దొంగ తానే. అయితేనేం, డాక్టరు గారి "లేదంటే" పక్కకి తప్పుకుంది. సోమవారం వెళ్ళి ఆయనకి డబ్బా చూపిస్తే చాలు.

సంతోషం వెనకే చెంబు గుర్తొచ్చింది. ప్యాకింగు గదిలోకి పరిగెత్తి సంచిలోంచి ఫోన్ తీసి సుబ్బాయమ్మకి కలిపింది. మోగుతూనే ఉంది. సుబ్బాయమ్మకి ఫోన్ ఎత్తడమంటే చేతులు తుడుచుకుని, కళ్ళజోడు వెతుక్కుని, పెద్ద కార్యక్రమం. చివరికి ఎత్తింది.

"పిన్నీ, మజ్జిగ ఇవ్వకండి. పారబోసేయండి."

"ఇప్పుడా చెప్పేది? ఇందాకే తాగేశాడు. కాస్త ఆగి తాగమన్నా వినలేదు, మొత్తం తాగాలని నువ్వు చెప్పావటగా, చెంబు ఎత్తి గటగటా తాగాడు. ఇంగువ బాగా వేశావని కూడా అన్నాడు. ఏమైంది?"

"ఏం లేదండి. ఎలా ఉన్నారు?"

"ఒకసారి దొడ్లోకి వెళ్ళొచ్చాడు. నీరసంగా ఉందని పడుకున్నాడు. నేనిక్కడే ఉన్నాలే."

చిన్నమ్మాయి ఇంటికి వెళతానని అడిగింది. పోతురాజు తల పట్టుకున్నాడు. మండపేట నుంచి బియ్యం లారీ వచ్చి నిలబడి ఉంది, ఇద్దరు మనుషులు రాలేదు, శనివారం సాయంత్రం షాపు కిటకిటలాడుతుంది. అది దింపించేదాకా ఉండమన్నాడు. ఆమె మొహం చూసి గొంతు తగ్గించి, ఇవాళ్టికి ముందే పంపిస్తానని కూడా అన్నాడు. అతన్ని తప్పు పట్టడానికీ లేదు. చిన్నమ్మాయి ఉండిపోయింది. బస్తాలు లెక్క చెబుతూ, చేత్తో స్టిక్కర్లు అతికిస్తూ, లోపల ఒకటే ఆలోచన. ఇన్ని వారాలు తాగాడు, ఒక్క చెంబుతో ఏమవుతుంది అని ఒకసారి. ఇన్ని వారాలు తాగిన ఒంటికి ఇంకొక్క చెంబు ఎందుకు పోశాను అని ఇంకోసారి. మధ్యలో హఠాత్తుగా సంతోషం పొంగుకొచ్చేది. దాని వెనకే భయం వచ్చేది. రెండూ ఒక్క గుండెలో ఎలా పడుతున్నాయో ఆమెకే తెలియలేదు.

ఆటో దిగి ఇంటికి చేరేసరికి ఎండ ఇంకా తోటల మీద ఉంది. హరిబాబు మంచం మీద దిండు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. పెదాలు ఎండిపోయి ఉన్నాయి. కళ్ళు మాత్రం తేటగా ఉన్నాయి. కూర్చోగలిగాడంటే బాగానే ఉన్నట్టు అనుకుంది. సుబ్బాయమ్మ తన దూడకి గడ్డి వేయాలని వెళ్ళిపోయింది. చిన్నమ్మాయి చెప్పులు విప్పకుండానే మంచం పట్టె మీద కూర్చుంది. ఇంటికి రాగానే స్నానం చేయకపోవడం ఈ అయిదు నెలల్లో ఇదే మొదటిసారి.

"ఏవండీ, గోధుమ దొరికిందండి," అంది.

అంతా చెప్పింది. చెబుతూ చెబుతూ ఏడ్చింది. తప్పు నాదేనండి, నా చేతుల్తో నేనే పోశాను అని అతని కాళ్ళు పట్టుకోబోయింది. హరిబాబు ఆమె చేతులు పట్టి ఆపాడు. తర్వాత అతని భుజాలు కదిలాయి. నవ్వుతున్నాడు. చప్పుడు రావడం లేదు గానీ నవ్వుతున్నాడు.

"అయితే రోగం కాదన్నమాట."

"కాదండి."

"నేను పోతాననే అనుకున్నానే చిన్నమ్మాయ్. సోమవారం రాజమండ్రి వెళితే మళ్ళీ రానేమోనని, నీకెలా చెప్పాలా అని పడుకుని ఆలోచిస్తున్నాను. ఇంగువా! ఓసి నీ ఇంగువ బంగారం గానూ."

ఆమె కూడా నవ్వేసింది. అతను కార్తీకం ఎప్పుడని అడిగాడు. దగ్గర్లోనే ఉందంది. కార్తీకంలో గెలలకి మంచి రేటు, లారీలు వరసకట్టి ఉంటాయి, ఇప్పుడే మోత పని చేయలేకపోయినా లారీ మీద నిలబడి సర్దడం చెప్పగలనన్నాడు. కుర్రాళ్ళు ఎండాకు వేయకుండానే పేర్చేస్తున్నారని విన్నాడట, వాళ్ళని తిట్టాలట. మనిషి అంత మాట్లాడి ఎన్నాళ్ళయిందో. చిన్నమ్మాయి అతని పక్కనే ఇంకాసేపు కూర్చునేది గానీ, అతనే లేపాడు.

"చారు పెట్టు. నీ ఇంగువ లేకుండా పెట్టు. ఆకలేస్తోంది."

ఆకలి అన్న మాట అతని నోట విని ఆమెకి ప్రాణం లేచొచ్చింది. ఇంగువ డబ్బాలన్నీ ఒక సంచిలో వేసి దొడ్డిగోడ అవతల పెట్టింది. గబగబా నీళ్ళు పోసుకుంది. పోపు పెట్టిన మూకుడు, గరిటెలు, చారు గిన్నె బూడిద పెట్టి తోమింది. అది కూడా నమ్మకం లేక, అటక మీదున్న వాడని గిన్నె దించి కడిగింది. చింతపండు నానబెట్టి పిసికింది. మిరియాలు రోట్లో దంచింది. చారు మరుగుతుంటే వసారాలోంచి ఒకసారి దగ్గు వినిపించింది, తర్వాత మంచం కిర్రుమంది, పక్కకి తిరిగినట్టున్నాడు.

"అయిపోవచ్చిందండి," అని కేకేసింది.

నూనె కాగాక ఆవాలు వేసింది, జీలకర్ర వేసింది, ఎండుమిర్చి తుంచి వేసింది. అలవాటు కొద్దీ చెయ్యి ఇంగువ డబ్బా ఉండే గూటివైపు వెళ్ళి ఖాళీగా వెనక్కి వచ్చింది. కరివేపాకు చిటపటలాడింది. వాసన తక్కువగా ఉంది. చిన్నప్పటి తమ ఇంటి చారు వాసన ఇదే. గ్లాసులో పోసి, కొంగుతో పట్టుకుని, ఊదుకుంటూ వసారాలోకి వచ్చింది.

హరిబాబు ఆమె వైపే తిరిగి పడుకుని ఉన్నాడు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. ఒక చెయ్యి దవడ కింద, ఇంకో చెయ్యి మంచం పట్టె మీద, ఇందాక ఆమె కూర్చున్న చోట. నిద్ర పట్టిందనుకుంది. నిద్రపోయే మనిషిని లేపాలా వద్దా అని నిలబడి, చారు చల్లారిపోతుందని మెల్లగా పిలిచింది. మళ్ళీ పిలిచింది. గ్లాసు వసారా గూట్లో పెట్టి, చెయ్యి పట్టుకుని చూసింది. చెయ్యి వెచ్చగానే ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది.

సుబ్బాయమ్మ వచ్చింది, ఆమె అరుపుకి వీధిలో వాళ్ళు వచ్చారు. ఎవరో ఆటో అన్నారు, ఎవరో ఇంక ఎందుకన్నారు. ఒంట్లో నీరంతా పోతే గుండె అలాగే ఆగిపోతుందని, చేసేదేమీ ఉండదని ఆరెంపీ డాక్టరు చూసి చెప్పాడు. చిన్నమ్మాయి ఏడవలేదు. మంచం కోడు పట్టుకుని కింద కూర్చుంది. తప్పు తనదే అయి ఉండాలని మొక్కుకుంది, మొక్కు తీరింది. ఎందుకోసం మొక్కుకుందో అది లేదు. మధ్యాహ్నం షాపులో నవ్విన నవ్వు గుర్తొచ్చి ఆమెకి ఒళ్ళంతా కంపరమెత్తింది. ఒక్కటే ఆలోచన కాస్త నిలబడనిచ్చింది. అతను బతుకుతాననే అనుకున్నాడు. కార్తీకం గురించి మాట్లాడి, ఆకలేస్తోందని చెప్పి, చారు కోసం చూస్తూ పోయాడు.

మంచం మీంచి దింపడానికి చాప వేస్తున్నప్పుడు సుబ్బాయమ్మ గూట్లో దీపం పెట్టడానికి చోటు కోసం వెతికి, అక్కడున్న గ్లాసు తీసి అరుగు చివర పెట్టింది. నిండా పోసిన చారు అలాగే ఉంది, పైన ఒక కరివేపాకు తేలుతూ, ఎప్పుడో చల్లారిపోయి.